పిండి కాటా మీద చక్రం

భోజనాల బల్ల మీద కారు చక్రాల రిమ్ములు నాలుగున్నాయి కాబట్టి ఆ ఇంట్లో గురువారం సాయంత్రం నుంచి ఎవరూ బల్ల దగ్గర కూర్చోవడం లేదు. తీసి కింద పెట్టడం పెద్ద పనేం కాదు. కానీ ముందు ఎవరు ముట్టుకుంటే వాళ్ళు తగ్గినట్టు లెక్క.

శనివారం పొద్దున కూడా బేకరీ ఆయన వంటగట్టుకు ఆనుకుని నిలబడే టీ తాగాడు. సగం తాగి మిగతాది పారబోసి, గ్లాసు కడిగి బోర్లించాడు. చెప్పులేసుకున్నాడు. భార్య వైపు చూడలేదు, బల్ల వైపు అసలే చూడలేదు. తలుపు మాత్రం ఎంతో మర్యాదగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

ఆ మర్యాదకే ఆయన భార్య టీచరుకు ఒళ్ళు మండింది. ధడేల్మని వేసి వెళ్ళినా బాగుండేది. తనూ వెనకనుంచి రెండు మాటలు అనడానికి వీలుండేది.

టీచరంటే పలకా బలపం టీచరు కాదు, డ్రైవింగు స్కూలు టీచరు. ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆవిడ చేత చీవాట్లు తిన్నవాళ్ళే. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున్న లేస్తే "మెల్లగా, మెల్లగా" అనడమే ఆవిడ ఉద్యోగం. అన్నేళ్ళు ఊరందరికీ మెల్లగా వెళ్ళమని చెప్పిన మనిషికి ఒక్కసారైనా తను గట్టిగా తొక్కి చూడాలని ఉండదా? ఉంది. అందుకే ఈ మధ్య ఎవరో వాడి అమ్మేసిన రెండు తలుపుల కారు ఒకటి కొంది. లేతాకుపచ్చ రంగు, నేలకు దగ్గరగా ఉంటుంది, కాలు తగిలితే చాలు ఎగురుతుంది. కోడలు దానికి మిడత అని పేరు పెట్టింది.

రేపు ఆదివారం, ఊరి బయట విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద కార్ల క్లబ్బువాళ్ళు పరుగు పెడుతున్నారు. ఒక్కో కారు ఒంటరిగా వెళ్ళాలి, మలుపు మలుపుకీ పెట్టిన దిమ్మెల్ని తగలకుండా తిరిగి రావాలి, ఎవరు త్వరగా వస్తే వాళ్ళు గెలిచినట్టు. టీచరు పేరు ఇచ్చింది. మిడతకు అన్నీ బాగానే ఉన్నాయి కానీ పాత చక్రాలే బరువు. తిరిగే వస్తువు బరువైతే కదలడానికీ బద్ధకమే, ఆగడానికీ బద్ధకమే. తేలికైనవి కావాలి, ధర మాత్రం కళ్ళు తిరిగేలా ఉండకూడదు.

అప్పుడు బేకరీ ఆయన, పెళ్ళయిన ఇన్నేళ్ళలో పొయ్యి గురించీ పిండి గురించీ తప్ప దేని గురించీ పూచీ పడని మనిషి, "చక్రాల సంగతి నాకొదిలెయ్" అన్నాడు. ఆ మాటకు ఆవిడ ఎంత పొంగిపోయిందో ఎవరికీ చెప్పలేదు. చక్రాలు రావడం కంటే, తన పిచ్చిని ఆయన నెత్తికెత్తుకోవడమే ఆవిడకు ఎక్కువైంది.

తీరా గురువారం అవి ఇంటికొచ్చాక తూచారు. తూచాకే ఇల్లు ఇలా తయారయింది.

"ఇంకా ఎంతసేపు చూస్తారు అత్తయ్యా వాటి వంక?" అంటూ కోడలు వచ్చింది. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. శనివారం సెలవు. మొగుడు ప్రెస్సులో రాత్రి డ్యూటీ చేసొచ్చి లోపల గుర్రు పెడుతున్నాడు కాబట్టి అత్తగారితో గొడవ పెట్టుకోవడానికి తీరిక దొరికింది.

"చూడటమేముంది. ఇవాళ వెనక్కిచ్చేస్తున్నా. టైర్లు ఎక్కించనంతవరకూ తీసుకుంటానన్నాడుగా ఆ రిమ్ముల షాపు నట్టుగాడు. సాయంత్రం షట్టరు దించేలోపు ఇచ్చెయ్యాలి."

"మావయ్యకు చెప్పారా?"

"ఆయన నోట్లోంచి మాట వస్తే కదా చెప్పడానికి."

"మాట ఎలా వస్తుంది? 'మీకు పిండి పిసకడం తప్ప ఏం తెలుసండీ, ఎవడు ఏది అంటగడితే అది మోసుకొస్తారు' అన్నారు. నేను పక్కనే ఉన్నా."

నిజమే, టీచరు ఆ మాట అన్నది. నోరు జారింది. జారిన మరుక్షణమే నాలుక కరుచుకుంది. కానీ అప్పటికే ఆయన ముఖంలో రంగు పోయింది. ఎదురు మాట అంటాడేమో, అంటే తనూ తగ్గుదామని చూసింది. ఆయన మాత్రం తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ అంతే.

ఆవిడకు అర్థమైందల్లా ఒక్కటే. ఆయన మనసు విరిగిపోయింది. ఇక జన్మలో ఈ మనిషి తన కారు జోలికి రాడు.

అసలు తూచిన విధానం చెప్పాలి. ఇంట్లో బరువు చూసుకునే మిషను ఒకటుంది. కోడలు కొన్నది. తెచ్చిన వారం రోజులు అందరూ ఎక్కి దిగారు, ఆ తర్వాత ఎవరి కారణాలు వాళ్ళకుండి అందరూ దానికి దూరంగా తిరగసాగారు. రిమ్మును నేరుగా దాని మీద పెడితే అంకె కనపడదు, రిమ్ము దాన్ని కప్పేస్తుంది. అందుకని బేకరీ ఆయనే రిమ్మును చంటిపిల్లాడిలా ఎత్తుకుని మిషనెక్కాడు. ఎనభై ఒకటి చూపించింది. అందులోంచి ఆయన బరువు తీసెయ్యాలి.

ముందు మీరొక్కరే ఎక్కండి మావయ్యా అని కోడలు అంది. "నా బరువు నాకు తెలీదా? డెబ్బై" అని ఆయన ఛాతీ విరుచుకున్నాడు. అదీ నిజమే. నాలుగు నెలల కిందట డాక్టరు భయపెడితే, రోజూ తినే క్రీము బన్నులు మానేస్తానని భార్య చేతిలో చెయ్యి వేసి, కడుపు మాడ్చుకుని, డెబ్బైకి దిగినవాడు. ఆ రోజు ఇల్లంతా గంతులేసింది. ఆ డెబ్బై అందరికీ కంఠతా వచ్చు.

ఎనభై ఒకటిలోంచి డెబ్బై పోతే పదకొండు. పాత రిమ్ములు ఒక్కోటీ ఎనిమిదిన్నర అని మెకానిక్కు తూచి చెప్పాడు. అంటే తేలికవని తెచ్చినవి పాతవాటికంటే బరువన్నమాట. అక్కడే టీచరు నోరు జారింది.

"సరే, పదండి" అని కోడలే ముందుగా ఒక రిమ్ము ఎత్తింది. ఎత్తి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఎత్తింది. "అత్తయ్యా, ఇది పదకొండంటే నాకు నమ్మకం కుదరట్లేదు. పది కిలోల బియ్యం సంచీ ఎత్తే చెయ్యి నాది."

"మిషను అబద్ధమాడుతుందా?"

"మిషను ఆడదు" అని మాత్రం అంది కోడలు.

మిడత వెనక సీటు మడిచి నాలుగూ సర్దారు. దారిలో మలుపులో లారీవాడు అడ్డంగా వచ్చినా టీచరు తిట్టలేదు. దాన్నిబట్టే కోడలికి పరిస్థితి తీవ్రత తెలిసింది.

నట్టు షాపు పాత మార్కెట్టు వెనకాల. గోడల నిండా రిమ్ములు, నేల నిండా టైర్లు, మధ్యలో మనిషి పట్టేంత దారి. నట్టంటే షాపు యజమానే. ఒకప్పుడు టీచరు దగ్గరే డ్రైవింగు నేర్చుకుని, మూడుసార్లు పరీక్ష తప్పి, నాలుగోసారి గట్టెక్కినవాడు. ఆవిడను చూడగానే ఇప్పటికీ లేచి నిలబడతాడు.

ఏడు కిలోలని చెప్పి పదకొండు కిలోలవి ఇచ్చావేమిరా అని టీచరు నిలదీసింది. నట్టు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మూడుసార్లు ఫెయిలైనప్పుడు కూడా మీ ముందు అబద్ధం చెప్పలేదు టీచరుగారూ, ఇప్పుడు చెబుతానా అన్నాడు. కావాలంటే తీసుకుంటాను, నాకేం నష్టం లేదు, రేపే ఇంకొకళ్ళు ఎగరేసుకుపోతారు. కానీ సారు బాధపడతారు అన్నాడు.

"ఆయన పడకేం. ఏదో మెరుస్తున్నాయని చూసి కొనుంటాడు."

"మెరిసేవా?" నట్టు నవ్వాడు. "మెరిసేవి నేను చూపిస్తే సారు నన్ను తిట్టారండీ."

అప్పుడు చెప్పుకొచ్చాడు. సారు ఒక్కసారి కాదు, వారంలో నాలుగుసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా గోడమీదివన్నీ దింపించారు. నల్లగా నిగనిగలాడే పెద్దవి చూపిస్తే, కారుకు నగలు పెట్టడానికి రాలేదయ్యా అన్నారు. పోత పొయ్యకుండా లోహాన్ని కొట్టి చేసినవి చూపిస్తే చేతిలో పట్టుకుని, గాలిలా ఉంది అని మురిసిపోయి, ధర విని మళ్ళీ చంటిపిల్లను పడుకోబెట్టినట్టు గూట్లో పెట్టేశారు. మామూలు పోత రిమ్ములు ధర బాగుంది కానీ బరువు. అప్పుడు ఈ మూడోరకం చూపించాను. వీటిని ముందు పోత పోస్తారు. తర్వాత వేడి మీద గిరగిరా తిప్పుతూ, రోలరుతో నొక్కుతూ అంచును పలచగా లాగుతారు. పలచనైనా గట్టిగా ఉంటుంది. ఆ మాట చెప్పగానే సారు ముఖం వెలిగిపోయింది. "అంటే నేను పిండి లాగినట్టేగా! లాగే కొద్దీ పలచబడుతుంది, బిగువు మాత్రం పోదు" అన్నారు. ఇక వేరేది చూడలేదు.

"ఇంకోటి కూడా ఉంది" అంటూ నట్టు గల్లాపెట్టె పైనున్న మేకు వైపు చెయ్యి చూపించాడు.

మేకుకు ఒక బిస్కెట్టు వేలాడుతోంది. పళ్ళెమంత బిస్కెట్టు. మధ్యలో పెద్ద కన్నం, చుట్టూ నాలుగు చిన్న కన్నాలు.

కారుకు పట్టే రిమ్ము కావాలంటే నట్లు పట్టే కన్నాలు ఎంతెంత దూరంలో ఉన్నాయో తెలియాలని నట్టు చెప్పాడట. మర్నాడు బేకరీ ఆయన బిస్కెట్ల పిండి ముద్దను చపటాగా చేసి, భార్య స్కూల్లో ఉన్న సమయం చూసి, మిడత చక్రానికి అదిమి అచ్చు తీశాడు. పిండి సాగి కొలత మారిపోతుందేమోనని ఓవెన్లో కాల్చి మరీ తెచ్చాడు.

"పొంగి కొలత మారిందనుకోండి. అయినా మీ కారు ఏదో నాకు తెలుసు కదా, పుస్తకంలో చూసే ఇచ్చాను. కానీ ఆ మాట సారుకు చెప్పలేదు. ఆ బిస్కెట్టు రిమ్ము మీద పెట్టి, చూశావా ఎలా కూర్చుందో అని అంత సంబరపడుతుంటే ఎలా చెప్పను? తినడానికీ చేతులు రాలేదు. అలా తగిలించా."

కోడలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. టీచరు మాత్రం నవ్వలేదు. ఆ బిస్కెట్టు వంక అలా చూస్తూ ఉండిపోయింది.  ఇలాంటి మనిషినా తను ఏమీ తెలియదన్నది. ఆవిడకు అక్కడే నేలలోకి కుంగిపోవాలనిపించింది.

"ఒరే, నీ దగ్గర కాటా లేదా?" అని అడిగింది చివరికి.

"రిమ్ములు నేను తూచను టీచరుగారూ, అమ్ముతాను. కాటా మీకే ఉంది కదండీ. బేకరీలో."

అవును, ఉంది. పిండి బస్తాలు తూచే కాటా, గ్రాము తేడా వచ్చినా పట్టుకునేది. ఈ రెండు రోజులూ అది ఎవరికీ గుర్తు రాకపోవడానికి కారణం కూడా ఉంది. ఆ కాటా మీద నోట్లోకి వెళ్ళేది తప్ప ఇంకేదీ పెట్టకూడదని బేకరీ ఆయన నియమం. ఒకసారి పక్కింటివాళ్ళు పార్సిలు తూచమని తెస్తే వాళ్ళతో ఏడాది పాటు మాటలు లేవు.

"అయితే శుభ్రంగా కడిగి తీసుకెళ్దాం" అంది కోడలు. నట్టు కుళాయి దగ్గరే రిమ్మును సబ్బు పెట్టి తోమి, తుడిచి, కారులో ఉన్న కొత్త తువ్వాలు చుట్టింది. మిగతా మూడూ షాపులోనే వదిలేశారు. సాయంత్రం లోపు వచ్చి ఉంచుకోవాలో ఇచ్చెయ్యాలో తేలుస్తామని చెప్పారు.

బేకరీలో శనివారం రద్దీ. రొట్టెల కోసం జనం గుమ్మం దాకా నిలబడి ఉన్నారు. టీచరు తువ్వాలు మూటను గుండెకు హత్తుకుని లోపలికి వస్తుంటే అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. రోజూ పాలరొట్టెకు వచ్చే రిటైర్డు పోస్టుమాస్టరు కళ్ళజోడు సవరించుకుని, "ఎప్పుడమ్మా? బాబా, పాపా?" అని అడిగాడు.

"ఇంకా తేలలేదండీ. తూచాలి" అంది కోడలు.

బేకరీ ఆయన కౌంటరు వెనకనుంచి చూశాడు. తువ్వాలు అంచులోంచి బూడిదరంగు లోహం తొంగిచూస్తోంది. ఆయన చేతిలోని రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

టీచరు నేరుగా వెనక గదిలోకి నడిచింది. ఆయనా వచ్చాడు. రెండు రోజుల తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, మధ్యలో కాటా.

"దీన్ని తూచండి" అంది.

"కుదరదు. నా నియమం నీకు తెలుసు."

"కడిగి తెచ్చాం మావయ్యా. మీ పిండి బస్తాల కంటే శుభ్రంగా ఉంది" అని గుమ్మంలోంచి కోడలు అందించింది.

"ఎందుకు తూచడం? బరువని తేలిపోయింది కదా. వెనక్కిచ్చెయ్. నాకేం కోపం లేదు."

టీచరు ఆయన ముఖంలోకి చూసింది. ఎంతమంది శిష్యుల్ని చూసింది! బండి దేనికో తగిలించి, ఏమీ జరగనట్టు అద్దంలోకి చూసే ముఖాలు ఆవిడకు కొట్టిన పిండి. ఈ ముఖం మనసు విరిగిన ముఖం కాదు. భయపడిన ముఖం.

"నేను నట్టు దగ్గర్నుంచి వస్తున్నాను. బిస్కెట్టు చూశాను" అంది మెల్లగా.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"వాటికోసం అంత చేసిన మనిషి, వెనక్కిచ్చెయ్ అని అంత తేలిగ్గా ఎలా అంటున్నారు?"

 టీచరు ఇక ఆగలేదు. తువ్వాలుతో సహా రిమ్మును కాటా మీద పెట్టేసింది. పెట్టగానే ఆయన చెయ్యి దానంతట అదే ముందుకొచ్చింది.

"అలా కాదు. తువ్వాలు బరువు కూడా కలిసిపోతుంది" అని గొణుక్కుంటూ, రిమ్ము తీసి, తువ్వాలు పెట్టి సున్నా చేసి, మళ్ళీ రిమ్ము పెట్టాడు. ప్రాణం మీదికొచ్చినా తప్పు తూకం తూచలేని మనిషి.

ఏడు కిలోలు. పైన ఇరవై గ్రాములు.

 ముందు గదిలో ఎవరో చిల్లర లేదా అని అడుగుతున్నారు.

టీచరు పెదవులు కదిలాయి. ఎనభై ఒకటి. అందులోంచి ఏడు పోతే... ఆవిడ కళ్ళు కాటా మీదనుంచి లేచి, మెల్లగా మొగుడి పొట్ట దగ్గర ఆగాయి. కోడలు కూడా లెక్క పూర్తి చేసినట్టుంది, గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది.

"డెబ్బై నాలుగు" అన్నాడు ఆయన, తల వంచుకుని. "శుక్రవారం పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు ఎక్కి చూశాను. అనుమానం గురువారమే వచ్చింది, అప్పుడు రూఢి అయింది."

"బన్నులా?"

"రోజూ ఒకటే అనుకున్నాను. కొన్నిసార్లు రెండయ్యాయి."

టీచరుకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. "అంటే క్రీము బన్ను బయటపడుతుందని నా చక్రాలు వెనక్కిచ్చేయించేవారా? రేపు నేను ఆ పాత వాటిమీదే వెళ్ళి అందరి ముందూ ఈడ్చుకుంటూ తిరగాలా? నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే?"

"చెబుదామనే ఉంది. రెండుసార్లు నీ గది దాకా వచ్చాను." ఆయన కాటా మీదున్న రిమ్మును నిమిరాడు. "నీ చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. అది తప్పానని చెప్పడం కంటే చక్రాలదే తప్పని ఊరుకోవడం తేలికనిపించింది. నువ్వు నన్ను తిట్టిన తిట్టు కూడా అందుకే పడ్డాను. పడాల్సిందేలే అనుకున్నా. కానీ ఈ రెండు రోజులూ నాకు ముద్ద దిగలేదు."

"అదొక్కటే ఇందులో మంచి" అంది కోడలు కిందనుంచే.

టీచరు నవ్వకూడదనుకుంది. పెదవి బిగబట్టింది. కానీ కళ్ళ ముందు ఆ బిస్కెట్టు, ఆ నాలుగు కన్నాలు, భార్య కారు పక్కన పిండిముద్ద పట్టుకుని దొంగలా గొంతుకూర్చున్న ఈ మనిషి కనపడ్డాడు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. పిండి బస్తా మీద కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అందులో కొన్ని నవ్వు నీళ్ళు కావని ఆవిడకు తెలుసు. ఆయన కాసేపు బిక్కమొహం వేసుకుని చూసి, భార్య నవ్వుతోందని నమ్మకం కుదిరాక, తనూ బయటపడ్డాడు.

"నేనన్న మాట కూడా తప్పేనండీ. మీకు తెలిసినంత నాకు తెలీదు" అంది టీచరు కళ్ళు తుడుచుకుంటూ. ఆయన ఆవిడ భుజం మీద పిండి చెయ్యి వేశాడు. నల్ల జాకెట్టు మీద ఐదు వేళ్ళూ తెల్లగా పడ్డాయి.

ముందు గదిలోంచి పోస్టుమాస్టరు కేకేశాడు. "ఏమైందయ్యా, తేలిందా?"

"ఏడు కిలోలండీ. తల్లీ బిడ్డా క్షేమం. తండ్రే కొంచెం ఒళ్ళు చేశాడు" అని కోడలు జవాబిచ్చింది.

ఆ సాయంత్రం బేకరీ కౌంటరు కోడలికి అప్పగించి ఇద్దరూ నట్టు షాపుకు వెళ్ళారు. నట్టు పాత రిమ్ముల మీదనుంచి టైర్లు ఊడదీసి కొత్తవాటికి ఎక్కించాడు. గాలి పడుతుంటే టైరు అంచు రిమ్ములో ఠప్పుమని కూర్చుంటుంది. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా బేకరీ ఆయన ఉలిక్కిపడి, వెంటనే చుట్టూ చూసి, ఉలిక్కిపడనట్టు నిలబడ్డాడు. నట్లు మాత్రం టీచరే బిగించింది. ఒకటి బిగించి దాని ఎదురుది, మళ్ళీ పక్కది, దాని ఎదురుది. నాలుగో చక్రం దగ్గర స్పానరు ఆయన చేతికిచ్చింది. చివరి నట్టు ఆయన బిగించాడు.

అక్కణ్ణుంచి ఇంటికి వెళ్ళలేదు. డ్రైవింగు స్కూలు వెనక, కొత్తవాళ్ళు ప్రాక్టీసు చేసే ఖాళీ మైదానానికి వెళ్ళారు. క్లాసులు అయిపోయాయి, గేటు తాళం ఆవిడ దగ్గరే ఉంది. ఇంకా వెలుతురుంది.

టీచరు ఒక చుట్టు మెల్లగా తిప్పింది. రెండో చుట్టులో కాలు గట్టిగా నొక్కింది. మిడత ఒక్కసారిగా ముందుకు లేచింది. మలుపులో స్టీరింగు ఎలా అంటే అలా తిరిగింది, బ్రేకు తొక్కగానే చెప్పిన మాట విన్నట్టు ఆగింది. ఇన్నాళ్ళూ కారు కాళ్ళకు ఎవరో బురద కట్టి ఉంచి, ఇవాళే కడిగేసినట్టుంది. ఆవిడ గట్టిగా నవ్వింది. ఎదురుగా ఎవరూ లేరు, తిట్టడానికి శిష్యులూ లేరు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, జుట్టు ముడి ఊడిపోయి, చిన్నపిల్లలా కేరింతలు కొడుతూ మైదానం చుట్టూ తిరిగింది. అంత సంతోషం ఆవిడకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

ఆపిన తర్వాత పక్కకు చూసింది. బేకరీ ఆయన పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది. కానీ కళ్ళు మెరుస్తున్నాయి.

"రేపు నేను దిగిపోవాలేమో. డెబ్బై నాలుగు కిలోలు అనవసరం నీకు" అన్నాడు.

"రేపు ఎలాగూ ఒక్కరే వెళ్ళాలండీ. ఇవాళ కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు.  ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. ఆయన చెయ్యి మెల్లగా వచ్చి స్టీరింగు అంచును తాకింది.

"ఒక్క చుట్టు... నేను తిప్పనా?"

టీచరు విన్నది నమ్మలేకపోయింది. ఊరందరికీ నేర్పిన మనిషి మొగుడికి కారు రాదు. పెళ్ళయిన కొత్తలో నేర్పుతానంటే, ఇంట్లో భార్యకు శిష్యుణ్ణి కావడమేమిటని ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆయనా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇన్నేళ్ళకు, అదీ రేపు పరుగు పెట్టుకుని, ఇవాళే బిగించిన చక్రాల మీద, మైదానం చుట్టూ మొనదేలిన రాళ్ళ గట్టున్న చోట అడుగుతున్నాడు.

ఒక్క రాయి తగిలితే చాలు, పలచగా లాగిన ఆ అంచు సొట్ట పడుతుంది. అది ఆవిడకు తెలుసు. ఆయనకూ తెలుసు. తెలిసి, మాట వెనక్కి తీసుకోబోయాడు. "వద్దులే. రేపు అయ్యాక చూద్దాం."

"దిగండి" అంది టీచరు.

ఆయన ముఖం చిన్నబోయింది. దిగాడు. ఆవిడ కూడా దిగి, కారు చుట్టూ తిరిగి వచ్చి, తాళం ఆయన అరచేతిలో పెట్టి, ఆయన లేచిన సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"అటు వెళ్ళి కూర్చోండి. అద్దం సరిచేసుకోండి. క్లచ్చు పూర్తిగా నొక్కండి. ఇప్పుడు తాళం తిప్పండి. మొదటి గేరు వెయ్యండి."

ఆయన చెప్పినట్టే చేశాడు. ఇంజను గర్జించింది. ఆయన నవ్వుతున్నాడు. టీచరు కాలు అలవాటుకొద్దీ ముందుకు సాగి కింద బ్రేకు కోసం వెతికింది. స్కూలు కార్లో టీచరు వైపు ఉండే రెండో బ్రేకు ఈ కార్లో లేదు.

ఆయన క్లచ్చు వదిలేశాడు. మిడత ముందుకు ఎగిరింది.